ఎంగిలి పేడా

నా యూట్యూబ్ ఛానల్‌కి నాలుగు వందల పన్నెండు మంది సబ్‌స్క్రైబర్లు. అందులో మా అమ్మ రెండు ఫోన్లతో ఉంది. అయినా అమీర్‌పేట చుట్టుపక్కల ఏ కొట్టుకి వెళ్ళినా ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌లా నడుస్తాను.

అలాగే వెళ్ళాను, పంజాగుట్ట సందులో ధాత్రి అనే అమ్మాయి వాళ్ళ మథుర మిఠాయి కొట్టుకి. వాళ్ళ నాన్న సూర్యనారాయణ గారు మథురలో ఇరవై ఏళ్ళు యాత్రికులకు వండిన మనిషి. నేను కచోరీ కొరికి కెమెరాతో అన్నాను: "ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు ఫ్రెండ్స్. ఉప్పు మొహమాటానికి వేశారు. వండేటప్పుడు రుచి చూశారా అసలు?"

"చూడం," అంది ధాత్రి కౌంటర్ వెనక నుంచి. "దేవునికి పెట్టకముందు మేం నోట్ల ఏస్కోం."

"తేడా వస్తే?"

"నీకు రుచి తెల్వకపోతే దేవుడేం జేస్తడు భాయ్?"

వీడియోకి పదకొండు లైకులు వచ్చాయి. నాకు మాత్రం ఆ పిల్ల మీద మనసుపడి నిద్ర కరువైంది. పొట్ట గోలపెడుతున్నా నెలరోజులు అక్కడే కచోరీలు తిన్నాను.

కృష్ణాష్టమి రోజు పనివాళ్ళు రాలేదు. "జర కోవా కలుపుతవా?" అందామె. ఖైరతాబాద్ వినాయకుణ్ణి ఎత్తమన్నా ఎత్తేవాణ్ణి.

మూడు గంటలు తిప్పాను. యాలకుల వాసనతో పేడా ముద్ద దగ్గరపడింది. తండ్రీకూతుళ్ళు పూజగదిలో ఉన్నారు. నేను, మహా రివ్యూయర్ని, అలవాటుకొద్దీ వేలితో కాస్త తీసి నోట్లో వేసుకున్నాను. అద్భుతం! అదే వేలు మళ్ళీ బాణలిలో పెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది. దేవుడికి ఇంకా పెట్టలేదు.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ధాత్రి నాతో నవ్వుతూనే ఉంటుంది. చెబితే మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వదు. కానీ పూజగదిలోంచి వచ్చిన, పొద్దున్నుంచి ఉపవాసం ఉన్న ఆ పెద్దాయన మొహం చూశాక నావల్ల కాలేదు.

"అంకుల్, నేను ఎంగిలి చేసేశాను."

"అకల్ లేదా, బుద్ధి లేదా నీకు?" ధాత్రి గరిటెత్తింది.

"ఆగు బిడ్డా. చెప్పకపోతే మనకు తెల్వకపోతుండె," అన్నారాయన. "మళ్ళ పాలు పెట్టుండ్రి."

ఈసారి ధాత్రి నా మూతికి తువ్వాలు కట్టింది. సాయంత్రానికి నైవేద్యం అయింది. నా బాణలి మూలన మిగిలింది.

"అది పారేయకండి, నేనే తింటాను," అన్నాను తల దించుకుని.

ధాత్రి అందులోంచి ఒక ముద్ద తీసి, నన్నే చూస్తూ నోట్లో వేసుకుంది.

"ఏయ్, అది నా ఎంగిలి!"

"తెల్సు. దేవునికి పనికిరాదు. నాకు పనికొస్తది."

సూర్యనారాయణ గారు గోడమీది క్యాలెండర్ వైపు చూసి, నా వైపు తిరిగారు.

"పిలగా, మీ నాయన నంబర్ చెప్పు. నీకు తినుడు గాక ఇంకేమన్న పని వస్తదా అని అడగాలె."