కొత్తపట్నం ఫోటోలు, ప్రత్తిపాడు ఘాటు

“సముద్రం ఫోటోలు తీయాలి,” అంది చీఫ్ జయకుమారి.

ఏజెంట్ ఫిలిప్‌కి నవ్వొచ్చింది. దేశం కాని దేశాల్లో తుపాకుల మధ్య తిరిగొచ్చినవాడికి, జనవరి చలిలో కొత్తపట్నం ఒడ్డున కెమెరా పట్టుకుని తిరగడం సెలవులాగే అనిపించదూ మరి! చీఫ్ మాత్రం నవ్వలేదు. విక్టర్ అనే విదేశీయుడు మిర్చి ఎక్స్‌పోర్టర్ వేషంలో గుంటూరులో దిగాడనీ, ఈ వారంలోనే ఓ సాయంత్రం వాడి పేలుడు పదార్థాల బోటు కొత్తపట్నం తీరానికి రాబోతోందనీ, సరిగ్గా ఏ చోటికో తెలియదనీ చెప్పింది. కిందటిసారి వట్టి మాట నమ్మి బయల్దేరిన కోస్ట్ గార్డ్ ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ఈసారి ఫోటో చూపించందే వాళ్ళు అడుగు కదపరు.

“విక్టర్ పక్కన మన డబుల్ ఏజెంట్ ఉంది. పేరు ఆరాధన. కోడ్ గుర్తుపెట్టుకో. చలికాలం సముద్రానికి వెలుతురు చాలదు అనాలి. ఫిల్టర్ మార్చండి అంటుంది.”

క్యాలెండర్ ఫోటోగ్రాఫర్ అవతారమెత్తాడు ఫిలిప్. రోజూ తెల్లారేసరికి ఒడ్డున నిలబడి, మంచుకు మసకబారే లెన్స్ తుడుచుకుంటూ, వలల్నీ కొంగల్నీ తీశాడు. జలుబు పట్టుకుంది గానీ పని కాలేదు. ఆ ఉదయం మంచు విడిపోతుంటే టెలీ లెన్స్‌లో ఒక పడవ కనబడింది. సరుగుడు తోపు ఎదుట ముగ్గురు జాలరులు గెడ వేసి నీటి లోతు చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు చెప్పులతోనే పడవెక్కాడు. ఆ ఒడ్డున పడవంటే కన్నతల్లితో సమానం, ఎంతటివాడైనా చెప్పులు ఇసకలో విప్పాల్సిందే. దొరికావురా అనుకుని ఫిలిప్ ఫిల్ము రోలంతా క్లిక్కుమనిపించి, కెమెరాలోంచి తీసి కోటు జేబులో వేసుకున్నాడు. ఆ సంబరంలో వెనక అడుగుల చప్పుడు వినిపించుకోలేదు. తల మీద దెబ్బ పడింది.

కళ్ళు తెరిచేసరికి ఇనప తలుపున్న గదిలో ఉన్నాడు. చుట్టూ కప్పు దాకా మిరప టిక్కీలు, అంటే బస్తాలు. వెంటిలేటర్‌లోంచి కనబడే చర్చి శిలువను చూసి ఉలిక్కిపడ్డాడు. ఇది ప్రత్తిపాడు. సొంత ఊరు. చిన్నప్పుడు వాళ్ళమ్మ తొడిమలు తీసిన గోడౌనే ఇది. ఇప్పుడు సగం విక్టర్ అద్దెకు తీసుకున్నాడు, మిగతా సగంలో ఊరి రైతుల పంట ఉంది.

తలుపు తీసుకుని విక్టర్ వచ్చాడు. కెమెరా ఖాళీగా ఉంది, రోల్ ఏదని అడిగాడు. వాడి వెనక ఆరాధన. నల్లద్దాలు, లెదర్ జాకెట్, ఆ దుమ్ములోనూ చెదరని లిప్‌స్టిక్. ఫిలిప్‌కి ప్రాణం లేచొచ్చింది.

“చలికాలం సముద్రానికి వెలుతురు చాలదండి,” అన్నాడు.

ఆమె లాగి చెంప మీద కొట్టింది. అతని జేబులో చెయ్యి పెట్టి, రోల్ తీసి విక్టర్‌కి అందించింది. వాడు ఫిల్మునంతా వెలుతుర్లోకి సర్రున లాగి పారేశాడు. ఇవాళ సాయంత్రం సరుకు దిగాక ఇతని చేత తీరిగ్గా నోరు విప్పిద్దామని ఇంగ్లీషులో చెప్పి బయటికి నడిచాడు. తాళం పడింది.

ఫిలిప్‌కి నిజంగానే భయం వేసింది. రోల్ పోయింది. నమ్మిన మనిషి అమ్ముడుపోయింది. సాయంత్రానికి బోటు ఒడ్డెక్కుతుంది, దాంతో ఎన్ని ఊళ్ళు పేలిపోతాయో! చచ్చేది సొంత ఊళ్ళో కావడమొక్కటే మిగిలిన సుఖం. చలికి జేబులో చెయ్యి పెట్టుకుంటే వేళ్ళకు రోల్ తగిలింది. దాని పక్కనే ఓ లైటర్.

గడుసుది! విక్టర్‌కి ఇచ్చింది తను దాచి తెచ్చిన వేరే రోల్. అసలుది ఇక్కడే ఉంది. సరే, ఈ కాస్త మంటతో ఇనప తలుపునేం చేయమంటావే తల్లీ?

అప్పుడు టిక్కీల వంక చూశాడు. ఇంట్లో ఒక్క మిరపకాయ మాడితేనే పక్కింటివాళ్ళు తిట్టిపోస్తారు. అదే ఘాటు గోడౌన్ వైపు నుంచి వస్తే ఈ ఊళ్ళో మంచంలో ఉన్నవాడు కూడా లేచి పరిగెత్తుకొస్తాడు. ఏడాది కష్టమంతా ఇందులోనే ఉంటుంది గదా. అయితే వాళ్ళు వచ్చేలోగా తాను బతికి ఉండాలి.

గోతాం పీలిక చింపి, గుప్పెళ్ళకొద్దీ కాయలు చుట్టి, టిక్కీల మీదికెక్కి వెంటిలేటర్ గట్టున పెట్టి వెలిగించాడు. పొగ బయటికి పోయింది. అంతలో గాలి తిరిగి సగం లోపలికే తన్నుకొచ్చింది. కిందికి దూకి తలుపు సందుకు ముక్కు ఆనించి పడుకున్నాడు. గొంతులో నిప్పులు పోసినట్టుంది. ప్రభువా, కొంచెం త్వరగా లేపు వాళ్ళని అని వేడుకున్నాడు.

బయట విక్టర్ విషవాయువనుకుని “గ్యాస్, గ్యాస్” అంటూ కళ్ళు కనబడక గోడను గుద్దుకున్నాడు. కాపలావాళ్ళు తుపాకులు వదిలి తుమ్మడం మొదలెట్టారు. ఊరు మాత్రం ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని, బిందెలతో గునపాలతో వచ్చిపడింది. తాళం పగిలింది. ముందుగా దూరిన కోటిరత్నం ఒకప్పుడు వాళ్ళమ్మతో కలిసి కూలి చేసిన మనిషి. మంట మీద బిందె గుమ్మరించాకే అతని వంక చూసింది.

“ఏరా ఫిలిప్పూ, నువ్వట్రా? నా టిక్కీలు గూడా ఇందులోనే ఉన్నాయి గదరా సచ్చినోడా!”

“తర్వాత తిడుదువుగాని పిన్నీ. ముందు గుంటూరు పోవాలి, బండి తియ్యమను.”

గోతాలు కుట్టే పురికొసతో ఊరివాళ్ళు ఆ ముఠాను కట్టేస్తుంటే, ముడులు సరిచూసే పని ఆరాధన తీసుకుంది. గుంటూరు స్టూడియోవాడు ఇచ్చిన తడి ప్రింట్లను చీఫ్ అప్పటికప్పుడే స్కాన్ చేసి కోస్ట్ గార్డ్‌కి పంపింది. చెప్పుల కాలు, పడవ, వెనక సరుగుడు తోపు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చీకటి పడుతుండగా బోటు ఆ తోపు ఎదుటికే వచ్చింది. ఒడ్డు ఇంకా రాయి విసిరినంత దూరం ఉందనగా సెర్చ్‌లైట్లు వెలిగాయి.

మర్నాడు ఆసుపత్రిలో వాచిన కళ్ళతో ఫిలిప్ ఆరాధనకి లైటర్ తిరిగి ఇవ్వబోయాడు. చెంపదెబ్బ బాకీ ఆమె తీర్చాలంటే ఎప్పుడైనా భోజనానికి పిలవమన్నాడు.

“తప్పకుండా రండి,” అంది ఆరాధన. “లైటరూ ఉంచుకోండి. మా వంటింటి వైపు మాత్రం రాకండి.”