ముల్లంగి మగ్గు అడుగున బొమ్మ

సింగపూర్‌లో, పాయా లేబర్‌లోని ఆ చిన్న ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ, తువ్వాలులో చుట్టిన వస్తువేదో గుండెకు అదుముకుని ఉంది. రమ్మన్నా రాలేదు. కారిడార్‌లో ఎవరూ లేరని చూసుకున్నాకే లోపల అడుగు పెట్టింది.

శశికాంత్ కుర్చీ జరిపి మంచినీళ్లిచ్చాడు. స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరి షేర్ల కబుర్లు చెప్పుకుంటున్న రోజులవి. అతను మాత్రం ప్రైవేట్ డిటెక్టివ్ వసుంధర దగ్గర అసిస్టెంటుగా కుదిరాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఆవిడ ప్రశ్నలడిగే తీరు ఒక్కసారి చూడమనేవాడు.

వచ్చినావిడ పేరు షహర్ బానో. హైదరాబాద్ మనిషి. ఇక్కడ యూ టీ పేటలో చిన్న కొడుకు జీషాన్ దగ్గర ఉంటోంది. పెద్దవాడు యాసిర్ కాపురం ఆంగ్ మో కియోలో.

“నా కొడుకులిద్దరు ఒకర్నొకరు దొంగ అంటున్రు, వసుంధరమ్మా,” అందావిడ. “పెద్దోడు పోలీసుల కాడికి పోతా అంటున్నడు. పోతే ఇంకేం మిగుల్తది నాకు?”

తువ్వాలులోంచి మూత ఉన్న బీరు మగ్గు బయటపడింది. పింగాణీది. ఏడుపు మొహం పెట్టిన ముల్లంగి ఆకారం, ఆకులే మూత. ఆవిడ భర్త ఫసియుద్దీన్ ఓడల్లో ఇంజనీరు. చుక్క ముట్టని మనిషైనా జర్మనీ రేవుల్లో ఇలాంటివి అయిదు కొని తెచ్చాడు. నాలుగు మామూలు మట్టి మగ్గులు. ఈ ముల్లంగి ఒక్కటే విలువైనదని చెబుతుండేవాడు. పిల్లలు చిన్నప్పుడు దాన్ని కిటికీకి ఎత్తి లోపలికి చూసి మురిసిపోయేవారు. అడుగున పలచటి పింగాణీలో అచ్చుపోసిన బొమ్మ వెలుతురుకు మాత్రమే కనబడేదట. కంచె దగ్గర నిలబడ్డ పడుచు జంట.

ఆయన పోయి ఏడాదైంది. మొన్నామధ్య జీషాన్ వెల తెలుసుకుందామని దీని ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అవి చూసి వీరాస్వామి అనే పాతవస్తువుల వ్యాపారి తనంతట తానే ఫోన్ చేసి ఇంటికొచ్చాడు. మగ్గును కిటికీ దగ్గర పట్టుకుని, ఇలాంటిది జన్మలో చూడలేదన్నాడు. అడుగున కంచె దగ్గర జంట ఎంత బాగుందోనని మెచ్చుకుని, నికార్సయిన పాత సరుకని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత యాసిర్ దాన్ని తన ఇంటికి తీసుకెళ్లి, అక్కణ్ణుంచి వేలం సంస్థకు చూపించాడు. అక్కడి నిపుణురాలు ఇది ఈమధ్య చేసిన నకలని తేల్చేసింది. అన్నే మార్చేశాడని జీషాన్, తన చేతికి వచ్చేలోపే తమ్ముడు మార్చాడని యాసిర్.

శశికాంత్ మగ్గు తిరగేశాడు. అడుగు జిగటగా చేతికి అంటుకుంది. జిగురులో ఆకుపచ్చ నూలు పోగులు కనబడ్డాయి.

“అది గుడ్డ, బేటా,” అంది షహర్ బానో. “వేలం మేడం పీకింది. మూత బందు ఊడితే మా ఆయన యాడనో రిపేరుకిచ్చిండు. బల్ల మీద గీతలు పడొద్దని ఆ గుడ్డ వాళ్లే అంటించిన్రట.”

“ఎవరిచేత బాగు చేయించారో తెలుసా అక్కా?” అడిగింది వసుంధర.

“తెల్వదు. అప్పటికే ఆయనకు కండ్లు సరిగ కనబడకపోతుండె.”

ఆ సాయంత్రం వసుంధర శశికాంత్‌తో కలిసి యూ టీ వెళ్లి జీషాన్ కంప్యూటర్లో ఫోటోలన్నీ చూసింది. వాటి కింద బొమ్మ మాట ఎక్కడా రాసి లేదు. ఫోటోల్లో ఒకటి మగ్గు అడుగుది. అంచు నుంచి అంచు దాకా ఆకుపచ్చ గుడ్డ. ఆ ఫోటో వీరాస్వామి రాకముందుదే కదా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. అవునన్నాడు జీషాన్, కాస్త విసుగ్గానే. ఆవిడ అంత సంతోషంగా ఎందుకుందో శశికాంత్‌కు అర్థం కాలేదు.

ఆదివారం అదే ఫ్లాటులో అందరూ కలిశారు. అన్నదమ్ములు గదికి చెరో మూల కూర్చున్నారు. మిగిలిన నాలుగు మగ్గులూ అమ్ముతామని కబురు పెట్టడంతో వీరాస్వామి కూడా వచ్చాడు. తాతల కాలంలో సింగపూర్ చేరిన కుటుంబం. మెత్తటి మాట, తెల్లటి చొక్కా.

“ఆ రోజు ముల్లంగి మగ్గులో ఏం చూశారో మరోసారి చెబుతారా?” అంది వసుంధర.

“కంచె కాడ ఒక జంటమ్మా. కిటికీకి పెట్టి చూశాను. ఇన్నేళ్ల వ్యాపారంలో అట్టాంటిది చూడటం అదే మొదలు.”

“వెలుతురు అడుగు నుంచి వచ్చిందా?”

“మరెట్టా వస్తుంది?”

వసుంధర కంప్యూటర్ వైపు చెయ్యి చూపింది. తెర మీద ఆకుపచ్చ గుడ్డ. “మీరు వచ్చేటప్పటికి ఈ గుడ్డ అంటించే ఉంది. వేలం సంస్థలో పీకేదాకా ఉంది. ఇంత దళసరి గుడ్డలోంచి వెలుతురు ఎలా దూరింది, వీరాస్వామిగారూ?”

వీరాస్వామి షహర్ బానో వైపు తిరిగి, ఈ అమ్మగారే బొమ్మ సంగతి చెప్పి ఉంటుందన్నాడు.

“నేను చెప్పలే,” అంది షహర్ బానో. “ముందు నువ్వు చెప్పినవ్. అవునవును అని నేనన్న, అంతే.”

వసుంధర ఒక్కొక్కటే విడమరిచింది. మూత బాగుచేయమని ఫసియుద్దీన్ ఇచ్చింది ఈయన కొట్లోనే. అసలుది ఉంచుకుని, అదే ఆకారంలో వచ్చిన నకలుకు గుడ్డ అంటించి తిరిగిచ్చాడు. చూపు మందగించిన పెద్దాయన గుర్తుపట్టలేదు. ఇంటర్నెట్‌లో ఫోటోలు చూశాక, నకలని బయటపడితే రిపేరు సంగతి తవ్వుతారని వీరాస్వామికి భయం పట్టుకుంది. అందుకే తానే వచ్చి అసలుదని చెప్పి వెళ్లాడు. ఇక ఎప్పుడు బయటపడ్డా అనుమానం ఇంట్లోవాళ్ల మీదికే పోతుంది.

“ఆయన చూసింది నిజంగా ఆ బొమ్మనే,” అని ముగించింది. “కాకపోతే ఈ కిటికీ దగ్గర కాదు, తన కొట్లో.”

వీరాస్వామి చొక్కా జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. అసలుది తన ఇంటి బీరువాలో ఉందన్నాడు. శశికాంత్ ఆయన వెంట వెళ్లి తీసుకొచ్చాడు. అడుగున నీలిరంగు గుర్తు, పక్కన ‘ముస్టర్‌షుట్స్’ అనే మాట. చేసినవాడి పేరు కాబోలన్నాడు శశికాంత్.

“అందరూ అలాగే అనుకుంటారు,” అంది వసుంధర. “ఈ నమూనాను కాపీ కొట్టకూడదని దానర్థం. చేసింది జర్మనీలో ప్లావె అనే ఊరి పింగాణీ ఫ్యాక్టరీ. నీలి గుర్తు వాళ్లదే. వెల మహా అయితే మీవాళ్లలో ఒకరి నెల జీతం, అక్కా.”

ఆ మాటకు అన్నదమ్ములిద్దరూ తలలు దించుకున్నారు. ముందు లేచినవాడు యాసిర్. తమ్ముడి దగ్గరికెళ్లి, పోలీసుల మాట ఎత్తింది తనే కాబట్టి తప్పు తనదే అన్నాడు. జీషాన్ అన్న చెయ్యి పట్టుకున్నాడు.

వీరాస్వామి మీద ఫిర్యాదు పెట్టాల్సిందేనంది వసుంధర. షహర్ బానో మగ్గును కిటికీకి ఎత్తి చూసింది. కంచె దగ్గర జంట తెల్లగా వెలిగింది. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి దూరంగా జరిపింది.

“దీన్ని అమ్మేయుండ్రి. నాకొద్దు ఇది ఇంట్ల.”

“వద్దమ్మీ,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అన్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లకు కొడుకుల నోట ఒకే మాట విన్న ఆ తల్లి కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.