ఐదున్నర గంటల ప్రయాణం

పొద్దున్నే టైలరమ్మ ముందుగదిలో కూర్చుని స్కూలు యూనిఫారాలకు కాలర్లు కుడుతోంది. మందుల షాపులో పనిచేసే కూతురు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కదలకుండా నిలబడింది.

"ఏంటే, చెప్పేదేదో చెప్పెయ్."

"ఎల్లుండి పెద్దమ్మకి గుండె ఆపరేషనట. పెదనాన్న పోయాక ఆవిడకి ఆ పరాయి దేశంలో ఎవరున్నారు? ఎప్పుడో తీసిన నీ పాస్‌పోర్టు మీద వీసా తెప్పించి, రేపటికి టికెట్ తీశాను."

మిషను ఆగింది. "నన్నొక్క మాట అడిగావా?"

"అడిగితే వద్దంటావు. ఎంతమ్మా, మూడు వేల తొమ్మిదొందల కిలోమీటర్లు. ఐదున్నర గంటల ప్రయాణం."

"ఆ ఐదున్నర గంటల మాట నా దగ్గర ఎత్తకు!"

పదకొండేళ్ల కిందట తల్లి పోయిన రోజున అక్క ఫోన్లో అన్న మాట అదే. "ఐదున్నర గంటలే. ఉన్నపళంగా బయల్దేరుతున్నా. నేనొచ్చేదాకా ఆగవే." టైలరమ్మ తొమ్మిది గంటలు వీధి వైపు కళ్లప్పగించి చూసింది. బంధువులు తొందరపెడితే అంత్యక్రియలు కానిచ్చేసింది. ఫోన్ చేసిన పద్నాలుగు గంటలకు అక్క వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఇప్పటికి తీరిందా?" అంది. అక్క గుమ్మం దిగి వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఆ రోజు ఎందుకాలస్యమైందో అడిగావా?" అంది కూతురు.

"అడిగేదేముంది? పెట్టెలు సర్దుకుని, ముస్తాబై తీరిగ్గా వచ్చుంటుంది."

"జన్మలో విమానమెక్కలేదు, నీకేం తెలుసమ్మా? రేపు ఆవిడకేమన్నా అయితే ఈ కోపం ఎవరి మీద చూపిస్తావు?"

టైలరమ్మ మళ్లీ మిషను తొక్కింది. సాయంత్రం అడక్కుండానే పెట్టె సర్దుకుంది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి ఇల్లు వదిలింది. విమానాశ్రయం చేరడానికే రెండు గంటలు. అక్కడ వరసలు, తనిఖీలు, ఎదురుచూపు కలిసి మూడు గంటలు. అందరూ సీట్లలో కూర్చున్నాక విమానం ఇంకో గంట కదల్లేదు. గాల్లోకి లేచి ఒక కునుకు తీసి చూస్తే తన గడియారంలో రెండయింది.

"ఇంకెంతసేపమ్మా?" అని పక్క సీటావిడని అడిగింది.

"రెండున్నర గంటలండీ. దిగాక పాస్‌పోర్టు వరస, ఆ తర్వాత ఊళ్లోకి దారి... అన్నీ కలిపి ఇంకో ఐదు గంటలనుకోండి."

టైలరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఇల్లు వదిలి తొమ్మిది గంటలు. కిటికీలోంచి చూస్తే కింద సముద్రం తప్ప ఏమీ లేదు. ఆ రోజు తాను అమ్మని సాగనంపిన వేళకి అక్క ఇలాగే సీటుకి కట్టేసుకుని, దిగే వీల్లేక, కబురు పెట్టే వీల్లేక, ఒంటరిగా ఏడుస్తూ ఉండి ఉంటుంది. టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆస్పత్రి గదిలో అక్క సగానికి సగమైపోయి ఉంది. చెల్లెల్ని చూసి లేవబోయింది.

"ఎప్పుడు బయల్దేరావే?"

"ఐదింటికి. పద్నాలుగు గంటలు పట్టిందక్కా." ఆమె మంచం అంచున కూర్చుంది. "నేను ఆగాల్సింది."

"నాదీ తప్పేలే. టికెట్ మీదున్న గంటలే చెప్పాను. మిగతావి ఆ కంగారులో లెక్కెయ్యలేదు."

అక్క చేతిని చెంపకు ఆనించుకుని టైలరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంతలో నర్సు తలుపు దగ్గరకొచ్చి, చూడవచ్చిన వాళ్లు వెళ్లాల్సిన వేళయిందని చెప్పింది.

అక్క పట్టిన చెయ్యి వదల్లేదు. "కాసేపుండనివ్వమ్మా. మా చెల్లెలు. చాలా దూరం నుంచి వచ్చింది."