ఆగమనే కబురు

ధడ్!

చీకట్లో ఇనుప ట్రాలీ స్తంభాన్ని గుద్దింది.

జానెడు... అంతే! ఆ జానెడు పక్కకి దొర్లబట్టి పృథ్వీరాజ్ ఇంకా బతికున్నాడు.

దేశ రాజధానిలో సాకేత్ అనే పేట. అక్కడ ఓ ఆఫీసు కింద బేస్‌మెంట్ అది. బయట మిట్టమధ్యాహ్నం, హోలీ. డోలు మోత, డీజే మోత. ఊరంతా రంగులు... లోపల ఒకటే రంగు. నలుపు!

"బచావో!" అని అరిచాడు. ఎవరికి వినపడుతుంది?

ఫోన్‌లో సిగ్నల్ లేదు. ట్రాలీని నడిపే వైఫై మాత్రం ఫుల్లు... దానికి ఇంటర్నెట్ లేదు!

ట్రాలీ వెనక్కి జరిగింది. దాని నెత్తిమీది కెమెరా ఎర్రగా అతని వైపు తిరిగింది.

"ఏం తమ్మీ... హోలీ ఆడుతున్నవా?" షట్టర్ అవతల నవ్వు.

మహేష్! కంపెనీ ఓనరు. లైట్లు ఆర్పిందీ, షట్టర్‌కి తాళం వేసిందీ ఆయనే.

"తాళం తీయండి మహేష్ గారూ!"

"రేపు పోలీస్ స్టేషన్‌కి పోతనన్నవ్ గదా? పో... అంబులెన్స్‌ల పో!"

మొన్న డెమోలో ఈ ట్రాలీ గార్డు భయ్యా కాలు నుజ్జు చేసింది. ఎందుకు చేసిందో తెలిసింది ఇద్దరికే. ఒకడు షట్టర్ బయట. ఒకడు లోపల.

ట్రాలీని నడిపే జాయ్‌స్టిక్ కట్టింది పృథ్వీరాజే. యాప్ అక్కర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే చాలు, తెరమీద గుండ్రటి బొత్తాం. వేలితో ఎటు లాగితే అటు... వెబ్‌సాకెట్ అనే వైఫై దారి మీదుగా ట్రాలీకి హుకుం! 'సాకేత్‌లో సాకెట్' అని ఆఫీసంతా జోకులు. పేరుకే జాయ్‌స్టిక్. ఇప్పుడు జాయ్ మహేష్‌ది, స్టిక్ తనకి!

వేలు తీస్తే 'ఆగు' అనే కబురు వెళ్తుంది. మధ్యలో వైఫై తెగితే? అది చేరదు. అందుకే కబుర్లు రావడం మానేస్తే ట్రాలీ తనంతట తనే ఆగేలా కోడ్ రాశాడు.

"క్లయింట్ ముందర ఊకె ఆగితే ఇజ్జత్ పోతది. తీసెయ్!" అన్నాడు మహేష్.

వద్దంటే వినలేదు. దగ్గరుండి తీయించాడు. డెమోలో వైఫై తెగింది. ట్రాలీ ఆగలేదు!

గుర్‌ర్‌ర్...!

వస్తోంది... షట్టర్ దగ్గర్నుంచి సూటిగా!

వెనక గోడ. అటూ ఇటూ రాక్‌లు. జరగడానికి చోటు లేదు!

ఫోన్‌లో అదే పేజీ తెరిచాడు. బొత్తాం వెనక్కి లాగాడు.

ట్రాలీ ఆగింది. ఊగింది. ముందుకి... వెనక్కి... ముందుకి... ఒక బండి, ఇద్దరు డ్రైవర్లు!

"అచ్ఛా! నువ్వు గూడ ఎక్కినవా? నీ ఫోన్ ఎంతసేపుంటది బే?"

నిజమే. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది!

తలెత్తాడు. గోడమీద వైఫై రూటర్ పచ్చగా మిణుకుతోంది. దాని ప్లగ్గు చేతికందే ఎత్తులోనే ఉంది.

ఈ వైఫై షట్టర్ దాటి రెండడుగులు పోదు. అంటే మహేష్ షట్టర్‌ని ఆనుకునే ఉన్నాడు!

కెమెరా చూపుకి అందని రాక్ పై అరమీదికి ఎగబాకాడు. కాళ్లు లాక్కున్నాడు. వేలు తీసేశాడు.

ట్రాలీ ఒక్క దూకు దూకి గోడని గుద్దింది.

"అమ్మా...! నా కాలూ...!"

షట్టర్ అవతల నవ్వు. మోటారు మోత ఆగింది. మహేష్ వేలు తీశాడు!

ఇప్పుడే!

బొత్తాన్ని ఆఖరిదాకా వెనక్కి లాగాడు. ట్రాలీ కదిలింది. రెండో చేత్తో రూటర్ ప్లగ్గు పీకేశాడు. వెబ్‌సాకెట్ తెగాలంటే గోడ సాకెట్ చాలు!

పచ్చ లైటు ఆరింది.

ట్రాలీ ఆగలేదు. దానికి చేరిన ఆఖరి హుకుం 'వెనక్కి'!

"మహేష్ గారూ, జరగండి! షట్టర్ మీదికొస్తోంది!"

"నాటకాలు బంద్ చెయ్! నా చేతిల ఉంది... నేను ఆపుత!"

"ఆగదండీ! అది ఆగే కోడ్ మీరే తీయించారు!"

ధడేల్!!

షట్టర్ ఊడి బయటికి పడింది. ఎండ... గులాల్ దుమ్ము...

రేకు కింద మహేష్. రేకు మీద ట్రాలీ. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"ఆపు తమ్మీ... ఆపూ...!"

అతని బొటనవేలు ఫోన్ తెరమీద గుండ్రటి బొత్తాన్ని గీకుతూనే ఉంది.

తెరమీద ఒకటే మాట.

'కనెక్ట్ అవుతోంది...'