ఎండకి ఏ రంగు వెయ్యాలి?

"బాగుందండీ. కానీ ఇందులో ఎండ ఎక్కడ?" అన్నాడు వాతావరణశాఖ నుంచి లెక్కలు పట్టుకొచ్చిన కుర్రాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్లలో ఊళ్ళో ఏ వీధి ఎంత వేడెక్కిందో చూపించే మ్యాప్ అది. వేడెక్కిన వీధులకి ఎరుపు, చల్లగా ఉన్నవాటికి ఆకుపచ్చ. తిండీ నిద్రా మానేసి గీసింది పాపం. సాయంత్రం మీటింగులో జనానికి అది అర్థమైతేనే మున్సిపల్ కౌన్సిల్ చెట్లు నాటిస్తుంది. లేదంటే కష్టమంతా నీళ్లపాలే.

"కళ్ళు ఎక్కడ పెట్టుకొచ్చారు? అంత ఎర్రగా ఉంటే!"

"కనబడకే కదండీ అడుగుతున్నా."

"పోనీ కళ్ళజోడు తెప్పించనా?"

"తెప్పించినా లాభంలేదు. నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి, పుట్టుకతోనే" అని నవ్వేశాడు. "మగవాళ్లలో కొందరికి ఉంటుంది. పైకి చెప్పుకోం, అంతే."

ఆమె నాలిక కరుచుకుంది. "అయ్యో, సారీ అండీ..."

"సారీ తర్వాత చెబుదురుగాని. ముందు రంగులు మార్చండి. చల్లటి వీధులకి నీలం, వేడివాటికి నారింజ."

"ఇక్కడ బాస్ మీరా, నేనా?"

"మీరే. నేను టెస్ట్ పీస్‌ని."

ఇక మధ్యాహ్నమంతా అదే పని. ఆమె రంగు మార్చి "ఇప్పుడో?" అనడం, అతను పెదవి విరవడం.

"నిజంగా కనబడట్లేదా, నా పక్కన కూర్చోడానికి నాటకమా?" అని నిలదీసింది చివరికి.

"రెండూనండీ" అన్నాడు దొంగమొహం వేసుకుని. కోపం రావాల్సింది. రాలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

సాయంత్రం తెరమీద మ్యాప్ పడిందో లేదో, ముందు వరసలోంచి ఆమె నాన్న దిగ్గున లేచాడు. "ఆ నారింజది మన వీధే! చెట్లు కొట్టేశాక ఇంతలా కాలిపోతోందన్నమాట. ముందు అక్కడే నాటాలి!"

"మరి మా వీధో?" అని వెనక నుంచి కేకలు. హాలంతా గోల. "సరే బాబూ, నాటిద్దాం" అని ఛైర్మన్ ఒప్పేసుకున్నాడు.

మీటింగ్ అయ్యాక నాన్న దగ్గరికొచ్చాడు. "నీ మ్యాప్ నాకు అర్థమవడం ఇదే మొదటిసారి తల్లీ."

"అదేంటి నాన్నా! ఎప్పుడూ బాగుంది బాగుంది అనేవాడివిగా?"

"నాకూ ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదే. చెబితే నొచ్చుకుంటావని..."

ఆమెకి కళ్ళు చెమర్చాయి. "ఈయన మాత్రం వచ్చీరాగానే మొహమ్మీదే చెప్పేశారు" అంది కుర్రాణ్ణి చూపించి.

నాన్న అతణ్ణి ఎగాదిగా చూశాడు. "చెప్పి కూడా బతికి బయటపడ్డావా?"

"ఇంకా పడలేదంకుల్." అతని చూపు ఆమె మీదే ఉంది. "పడాలనీ లేదు."

"అయితే అంకుల్ ఏంటయ్యా? మావయ్యగారూ అను."

"నాన్నా! మధ్యలో నన్నొక మాట అడగవా?"

ఇద్దరూ బిక్కమొహాలు వేశారు.

"అనమను" అంది ఆమె. "నాకూ ఇష్టమే."