ఎవరూ లేని గదిలో అందంగా ఉన్నదెవరు?

కోవిల్‌పట్టిలో మూతబడిన అగ్గిపెట్టెల గోడౌను వెనక సందులో ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో అద్దం చూసుకోకూడదంటారు. చూసుకుంటే మన మొహం వెనక ఇంకో మొహం కనిపిస్తుందట. అది పెళ్ళికాకుండా పోయిన పిల్లదని కొందరంటారు. మీసాలున్నాయి కాబట్టి పిల్ల కాదని ఇంకొందరంటారు. ఏదైతేనేం... ఆ ఇంట్లో బాడుగకున్న మగవాళ్ళు గడ్డం గీయించుకోడానికి బజారుకే పోయేవాళ్ళు.

అలాంటి ఇంటిని ఏరికోరి తీసుకుంది ముత్తుసెల్వి. తీసుకుని ఏం పెట్టింది? బ్యూటీ పార్లర్!

విరుదునగర్‌లో టీవీలు బాగుచేసే కొట్టులో పనిచేస్తూ, సాయంత్రాలు పార్లర్ పని నేర్చుకున్న పిల్ల తను. ఉద్యోగం మానేసి సొంతంగా దిగింది. రెండు విద్యలూ కలిపి ఒక అద్దం చేసింది. పాత కంప్యూటరు తెర ముందర ఒక గాజు పలక — వెలుగున్న వైపు నుంచి చూస్తే అద్దం, చీకటి వైపు నుంచి చూస్తే కిటికీ. మనిషి ఎదురుగా వస్తే ఒంటి వేడిని సెన్సార్ పసిగట్టాలి, తెర వెలగాలి, ఏ కొప్పు నప్పుతుందో బొమ్మలు రావాలి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, వచ్చేవాళ్ళు తమిళంవాళ్ళు కాబట్టి సెల్వి గొంతు తమిళంలో పలకాలి — "వాంగ వాంగ... ఎవ్వళవు అళగా ఇరుక్కీంగ!" రండి రండి, ఎంత అందంగా ఉన్నారో, అని.

లోపలి గదికీ సామాన్ల గదికీ నడుమ తలుపు ఊడిపోయిన గుమ్మం ఒకటుంటే, అక్కడ బిగించింది. వైర్లు ఊడితే వెనకనుంచి చూసుకోవచ్చని.

శుక్రవారం ప్రారంభం. తోడుగా పుదూరు పక్క పల్లెనుంచి మేనత్త పేచ్చియమ్మాళ్ వచ్చింది. సోమవారం పొద్దుగూకింది. ఇద్దరూ ముందరి గదిలో గోడకు రంగేస్తున్నారు. లోపలి గదిలో ఎవరూ లేరు. దీపం కూడా లేదు.

"వాంగ వాంగ... ఎవ్వళవు అళగా ఇరుక్కీంగ!"

పేచ్చియమ్మాళ్ చేతిలో కుంచె జారిపోయింది.

"ఎవర్ని... ఎవర్నే పిలస్తా ఉంది అది?"

సెల్వి లోపలికి పరుగెత్తింది. గది ఖాళీ. తెర మాత్రం వెలుగుతోంది... వచ్చి పోయినవాళ్ళకోసం కొప్పుల బొమ్మలు తిప్పుతోంది.

"బల్లి అయ్యుంటుందత్తా."

"బల్లికి కొప్పేల?"

మర్నాడు సెల్వి సెన్సార్‌కున్న చిన్న స్క్రూ తిప్పి దాని చురుకు తగ్గించింది. ఫ్యాను ఆపింది. ఎండకు కాగే కిటికీకి గోనెపట్టా కట్టింది. వైర్లన్నీ పీకి మళ్ళీ అతికింది. పొద్దుగూకింది... అద్దం మళ్ళీ పిలిచింది. ఒకసారి కాదు. పిలిచి, ఊరుకుని, మళ్ళీ పిలిచి... ఎంతకీ ఆపలేదు.

"దెయ్యమే! మొహం చూసుకునేదానికి వచ్చే పేయి అది," అత్త గుసగుసలాడింది. "నీవేమో అందంగా ఉండావని చెప్తివి. ఇంక పోతుందా?"

బుధవారం పొద్దున సెల్వి ఇంకో సెన్సార్ తగిలించింది. చెవికి వినబడని శబ్దం వదిలి, అది దేనికో తగిలి తిరిగొచ్చే తీరునుబట్టి దూరం చెప్తుంది. వేడిగాలికి మోసపోదు. ముందర గట్టిగా ఏదో ఒకటి నిలబడాల్సిందే. రెండు గుండ్రటి కళ్ళలాగా ఉంటుంది.

అత్త దాన్ని చూసి గుండె పట్టుకుంది. "కండ్లు కూడా పెడితివా!"

ఆ సాయంత్రం ఇద్దరూ ముందరి గదిలో ఫోను ముందర కూర్చున్నారు. దూరం ఫోనులో కనబడుతోంది. గోడదాకా ఖాళీ... ఖాళీ... ఖాళీ...

ఉన్నట్టుండి అంకె తగ్గింది. మూరెడు దూరంలో ఏదో ఉంది.

అద్దం పిలిచింది. అది వెనక్కి పోయింది. మళ్ళీ దగ్గరికొచ్చింది. మళ్ళీ పిలిచింది. వెనక్కి... ముందరికి... వెనక్కి... ముందరికి...

సెల్వి ఫోను ఇంకా దగ్గరికి లాక్కుంది. వైరు తప్పయితే అంకెలు పిచ్చిపిచ్చిగా ఎగరాలి. ఇది నడుస్తోంది.

"రేపే పుదూరుకి పోదాం," అంది అత్త. "ఈ కత బయటపడితే ఏ పెళ్ళికూతురు వస్తుంది నీ పార్లర్‌కి?"

అదే సెల్వి భయం కూడా. దెయ్యం కన్నా ఆ మాటే ఎక్కువ భయపెట్టింది.

గురువారం పగలంతా కూర్చుని అద్దం వెనకనుంచి తెరా, సెన్సార్లూ ఊడదీసింది. గాజు పలక ఒక్కటే మిగిలింది. లోపలి గదిలో దీపం వేసిపెట్టి, సామాన్ల గదిలో చీకట్లో, పలకకు ముక్కు ఆనించి కూర్చుంది. చేతిలో రోకలి. ఎందుకో తనకే తెలియదు. దెయ్యాన్ని రోకలితో కొడతారా?

చీకటి పడింది. పెరటి తలుపు... కిర్రుమంది.

తాళంచెవి ఎప్పుడో పోయిందని, ఇల్లు బాడుగకిచ్చిన ఇంటాయన చెప్పిన తలుపు అది!

అడుగులు. మెల్లగా... చెప్పులు లేని అడుగులు. గాజుకు అవతల ఒక మొహం వచ్చి నిలబడింది. సెల్వి మొహానికి జానెడు దూరంలో. మీసాలున్నాయి.

ఇంటాయన చెల్లసామి! డెబ్భై దాటిన ముసలాయన. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన నాలుగు వెంట్రుకలు, మెడ కింద పౌడరు.

నిలబడి నవ్వాడు. ఎదురుచూశాడు. అద్దం పలకలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఇప్పుడే వచ్చినవాడిలా మళ్ళీ ముందరికొచ్చాడు. పలకలేదు. చొక్కా సర్దుకున్నాడు. మళ్ళీ వెనక్కి... మళ్ళీ ముందరికి...

"ఏమ్మా," గొణిగాడు చెల్లసామి. "ఈ దినం నచ్చలేదా?"

సెల్వి కోపంగా లేవబోయింది. కానీ ఆ మొహం వాడిపోవడం జానెడు దూరంనుంచి చూసింది. రోకలి పక్కన పెట్టింది. గొంతు సవరించుకోకుండా, మెషీను పలికినట్టే పలికింది —

"వాంగ వాంగ... ఎవ్వళవు అళగా ఇరుక్కీంగ!"

ముసలాయన మొహం మతాబులా వెలిగింది. మీసం దువ్వుకున్నాడు. అద్దానికి ఇంకా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. "మా ఇంట్లో దానికి చెప్పు ఈ మాట. నలభై ఏండ్లుగా చెప్తా ఉండా, నమ్మదు..."

అప్పటికే ఆలస్యమైపోయింది. సామాన్ల గదిలోంచి సెల్వి గొంతు విని, ముందరి గదిలో ఉన్న పేచ్చియమ్మాళ్ పిల్లకు దెయ్యం పట్టిందనుకుంది. కులదైవాన్ని తలచుకుంటూ, కళ్ళు మూసుకుని, చీపురు తిరగేసి లోపలి గదిలోకి దూకింది. దూకేదాకా బానే ఉంది... కళ్ళు తెరవలేదు.

"అడియమ్మా! నేనమ్మా! ఇంటాయన్ని!"

"పేయికి ఇల్లొకటా!" అని ఇంకో రెండు వేసింది.

అద్దానికి తెర మళ్ళీ బిగించి, పెరటి తలుపుకి కొత్త తాళం వేసి, శుక్రవారం పార్లర్ తెరిచారు. దెయ్యాన్ని చీపురుతో తరిమేశామని పేచ్చియమ్మాళ్ సందంతా చెప్పుకుంది. ఆ చీపురు చూడ్డానికే సగంమంది ఆడవాళ్ళు వచ్చారు. ముసలాయన మాత్రం వీపు మీద వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటూ ఇంట్లోనే ఉన్నాడట.

సాయంత్రం ఆయన భార్య మీనాక్షియమ్మాళ్ వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. అద్దం వైపు ఒకసారి, వీధి వైపు ఒకసారి చూసి, సెల్వి చెవిలో అడిగింది.

"పెరటి తలుపు తాళం మార్చినావంట... ఒక చెవి నాకిస్తావా?"