దించిన స్టూలు

స్టూలు మళ్ళీ కిందికి దిగి ఉంది.

మాస్టారి అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది. తడిసిన గొడుగు తలుపు దగ్గర పడేసి, హాల్లోకి వచ్చి పియానో ముందు కూర్చుందో లేదో, మోకాళ్ళు పైకి లేచాయి. మోచేతులు పియానో మెట్లకంటే కిందికి పోయాయి.

నాన్నగారి సంగీత పాఠశాలలో పెద్ద పియానో అదొక్కటే. పొద్దున్నే దాని మీద ఆమె కచేరీకి సాధన చేసుకుంటుంది. సాయంత్రాలు ఆ హాలును అత్తయ్య, అప్పటికప్పుడు కల్పించి వాయించే ఒక జాజ్ బృందానికి అద్దెకిచ్చింది. ఆఫీసు చూసుకునేది అత్తయ్యే కాబట్టి నాన్నగారు సణుక్కుని ఊరుకున్నారు. అప్పటినుంచి ఇదే తంతు. ఈమె మర తిప్పి స్టూలు లేపుకోవడం, సాయంత్రం ఎవరో దాన్ని నేలకి దించేసి పోవడం.

"ఇది స్టూలా, పీటా? చతికిలబడి వాయిస్తాడా ఈ మనిషి?" అంది పైకే.

"పడుకుని వాయించే వీలుంటే ఇంకా బాగుండేదండీ."

ఉలిక్కిపడి వెనక్కి చూసింది. చివరి వరసలో కుర్చీల కింద దేనికోసమో వెతుకుతున్న ఒక పొడుగాటి మనిషి లేచి నిలబడ్డాడు. చేతిలో మఫ్లర్.

"మర్చిపోయి వెళ్ళాను. మీరేనా రోజూ నా స్టూలు ఎత్తేది?"

"మీ స్టూలా? మా నాన్నగారి స్టూలు అది!"

"అయితే మీ నాన్నగారి స్టూలుని రోజూ ఎందుకండీ అంత ఇబ్బంది పెడతారు? దాని మానాన దాన్ని కిందే ఉండనివ్వచ్చుగా?"

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే చులకనైపోతానని పెదవి బిగించింది. అతను మాత్రం నవ్వేసి, వానలోకి గొడుగు లేకుండానే వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాన్నగారు కాఫీ కప్పు కింద పెట్టారు.

"ఆ జాజ్ వాళ్ళకేం తల్లీ, వేలు జారితే స్టైల్ అంటారు. రెండు రోజులు వరసగా ఒకేలా వాయించమను, చూద్దాం. చేతకాదు."

ఆమె తలూపింది. చిన్నప్పటినుంచి వింటున్న మాటే. అయినా ఆ సాయంత్రం ఏదో పని కల్పించుకుని ఆఫీసులో ఉండిపోయింది. గోడ అవతలినుంచి అతని వాయింపు వినిపిస్తుంటే, కాగితాలు సర్దుతున్న చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఏమే, ఇంటికి పోవా?" అంది అత్తయ్య.

"వాన తగ్గనీ."

"వాన ఎప్పుడో తగ్గింది," అని అత్తయ్య కళ్ళజోడు పైనుంచి చూసింది.

ఆ తర్వాత అతను సాయంత్రానికి బదులు మధ్యాహ్నమే రావడం మొదలుపెట్టాడు. ఆమె సాధన మధ్యాహ్నం దాటినా ముగిసేది కాదు. అతను చివరి వరసలో కూర్చుని వినేవాడు. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"ఎంత బాగా వాయిస్తారండీ! కాగితం మీద చుక్క పోకుండా!"

"మెచ్చుకుంటున్నారా, వెక్కిరిస్తున్నారా?"

"అసూయ పడుతున్నాను. నిజంగా. ఆ చేతులు నాకుంటేనా!"

అతను నిజమే చెబుతున్నాడని ఆమెకి తెలిసిపోయింది. ఆ రాత్రి పడుకుని తన చేతులు తనే చూసుకుంది.

కచేరీలో ఆమె వాయించబోయేది వాద్యబృందంతో కలిసి వాయించే పాత రచన. అందులో ఒక చోట బృందమంతా ఆగిపోతుంది. అక్కడ పియానో ఒక్కటే పలకాలి. రాసిన పెద్దాయన ఆ చోటు ఖాళీగా వదిలేశాడు, వాయించేవాళ్ళు అప్పటికప్పుడు సొంతంగా ఏదో కల్పించుకుంటారని. ఇప్పుడు ఆ ధైర్యం ఎవరూ చెయ్యడం లేదు. తర్వాత వచ్చినవాళ్ళు రాసిపెట్టినది బట్టీపట్టి వాయిస్తారు. నాన్నగారూ అంతే, ఆమే అంతే.

"అయితే మీ పెద్దాయన కూడా మావాడేనన్నమాట!" అన్నాడతను ఆ సంగతి విని. "ఏదీ, ఆ ఖాళీలో మీ సొంతం ఏదైనా వాయించండి."

"నాకు రాదు."

"ఎందుకు రాదు? జరగండి."

పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుని ఎడమ చేత్తో నెమ్మదిగా మొదలుపెట్టాడు. నాలుగు స్వరాలు, ఆ వెనక కొంచెం ఖాళీ. మళ్ళీ నాలుగు స్వరాలు, మళ్ళీ ఖాళీ.

"మీ వంతు," అన్నాడు.

ఆమె కుడి చెయ్యి లేపింది. వేళ్ళు కదల్లేదు. ఇన్నేళ్ళు వాయించిన చెయ్యి, చెప్పేవాళ్ళు లేకపోయేసరికి మూగపోయింది. అతను తొందరపెట్టలేదు. ఆ ఖాళీని అలాగే వదులుతూ, ఆమె వైపు చూస్తూ వాయిస్తూనే ఉన్నాడు. తనకోసం అంత ఓపిగ్గా ఎదురుచూసిన మనిషి అంతకుముందు లేడని ఆమెకి తోచింది.

తలుపు తెరుచుకుంది. నాన్నగారు.

"ఎవరమ్మా ఇతను?"

"ఎవరూ కాదు నాన్నా. సాయంత్రం హాలు అద్దెకు తీసుకునే మనిషి."

అన్నాక నాలుక కరుచుకుంది. ఆమె లేచి పక్కకి తప్పుకుని నిలబడితే, అతను వంగి, మర తిప్పి, స్టూలుని ఆమె ఎత్తుకి ఇంకొంచెం లేపాడు. మఫ్లర్ తీసుకుని, మాస్టారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున స్టూలు ఆమె పెట్టుకునే ఎత్తులోనే ఉంది. ఆ మర్నాడూ అంతే.

"ఓడ మీద ఉద్యోగమట," అంది అత్తయ్య. "ప్రయాణికులకి వాయించడానికి. మన హాలు ఇంక వద్దన్నాడు."

ఆమె ఏమీ పట్టనట్టు తలూపింది. హాల్లోకి వెళ్ళి స్టూలుని తనే కిందికి దించింది. కాసేపు అలా కూర్చుని, మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ దించింది. ఎవరో పాడుచేస్తే సరిచేసుకోవడంలో ఉన్న సుఖం, తనే పాడుచేసుకుంటే రాదు. రోజులు గడిచాయి, వానలు వెళ్ళిపోయాయి. కొట్లో ఎవరైనా మఫ్లర్ కొంటుంటే ఆమె అక్కడే నిలబడిపోయేది. ఇంతకీ ఆ మనిషి తనకేమవుతాడు? ఆ ప్రశ్నకి ఒక్కసారి జవాబు చెప్పే అవకాశం వస్తే, అబద్ధం చెప్పి చెడగొట్టుకుంది. అదే ఆమె బాధ.

కచేరీ రోజు వచ్చింది. హాలు నిండింది. ముందు వరసలో నాన్నగారు, అత్తయ్య. వాయింపు సాఫీగా సాగి ఆ చోటు దాకా వచ్చింది. బృందం ఆగిపోయింది. అందరి కళ్ళూ ఆమె చేతుల మీదే.

బట్టీపట్టినది వేళ్ళ కొసల్లో సిద్ధంగా ఉంది. కానీ ఎడమ చెయ్యి దాన్ని ముట్టుకోలేదు. నాలుగు స్వరాలు వాయించి ఆగింది, అతను ఆగినట్టే. ఆ ఖాళీలో అతని ఓపిక, అతని చూపు గుర్తొచ్చాయి. ఇక నా వంతు అనుకుంది. కుడి చెయ్యి కదిలింది. మొదట తడబడుతూ, తర్వాత తడబాటు లేకుండా, చెప్పవలసినప్పుడు చెప్పలేకపోయిందంతా చెప్పింది. ముందు వరసలో నాన్నగారు నిటారుగా కూర్చోవడం ఆమెకి కనబడనే లేదు.

కచేరీ అయ్యాక ఆయన తెర వెనక్కి వచ్చారు.

"అది ఎవరు రాసిందమ్మా?"

"ఎవరూ రాయలేదు."

"ఎడమ చేతిలో మాత్రం ఎవరో ఉన్నారు."

"ఉన్నారు నాన్నా. ఆ రోజు ఎవరూ కాదని మీకు అబద్ధం చెప్పాను." ఆమె కళ్ళు నిండాయి.

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. "ఆ చోటు దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకూ ఏదో వాయించాలనే ఉండేది తల్లీ. భయపడి ఇంకొకరిది వాయించి ఊరుకున్నాను. ఆ భయం లేనివాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది, అంతే." కుర్చీ లాక్కుని, "ఏదీ, మళ్ళీ వాయించు వింటాను," అన్నారు.

"మర్చిపోయాను నాన్నా. మళ్ళీ అలాగే రాదు."

ఆయన పకపకా నవ్వారు. "వాళ్ళలాగే నువ్వూ తయారయ్యావా!"

మళ్ళీ వానలు పట్టాయి. ఒక పొద్దున ఆమె హాల్లోకి వచ్చి, అలవాటుగా పియానో ముందు కూర్చుంది.

మోకాళ్ళు పైకి లేచాయి.

అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరగడానికి భయం వేసింది, ఎవరూ లేకపోతే?

"ఓడ రేవుకి రాగానే మీ అత్తయ్యగారి ఫోను," అంది వెనకనుంచి ఆ గొంతు. "మాస్టారు కూడా మాట్లాడారు. హాలు మళ్ళీ ఇస్తారట. అద్దె మాత్రం తగ్గించరట."

ఆమె తిరిగింది. గొడుగు లేదు, నిలువెల్లా తడిసి ఉన్నాడు.

"ఆ రోజు ఎవరూ కాదన్నాను. తప్పు."

"మరి నేనెవరిని?"

"నా స్టూలు దించే మనిషి," అంది. "ఇంకెప్పుడూ దాన్ని ఎత్తిపెట్టి వెళ్ళకండి."

అతను దగ్గరికొచ్చి, నిలబడే, తడి చేత్తో నాలుగు స్వరాలు వాయించి ఆగాడు. ఆమె మర జోలికి పోలేదు. మోకాళ్ళు పైకి పెట్టుకుని అలాగే కూర్చుని, తన వంతు అందుకుంది.